మూడోసారి రక్తం కడిగిన రోజు

చెయ్యి ఊపకండి! ఊపితే ఊరుకుంటాననుకున్నారా? గొంతులో గొట్టం ఉన్నన్నాళ్ళూ మాట నాది. పద్దెనిమిదేళ్ళ కాపురంలో మీరు అడ్డు రాకుండా వినడం ఇదే మొదలు.

అదిగో, ఆ మిషను చూడండి. మెడలోంచి మీ రక్తం లాగి, పసుపునీళ్ళు వేరుచేసి ఆ సంచిలోకి వదుల్తోంది. మిగతా రక్తంలో వేరే ద్రవం కలిపి మళ్ళీ మీకే ఎక్కిస్తోంది. ఇది మూడోసారి. ఇంకా రెండున్నాయి. డాక్టరమ్మ ఏమందో తెలుసా? రక్తంలో రోగాలతో పోట్లాడాల్సినవేవో దారి తప్పి మీ కండరాల మీదే పడ్డాయట. అవన్నీ ఆ పసుపునీళ్ళలోనే ఉంటాయట.

"ఎన్నాళ్ళ నుంచి రెప్ప వాలుతోంది?" అని అడిగింది. ఎవర్ని? నన్ను! ఏం చెప్పమంటారు?

రెప్ప వాలితే నిద్ర చాల్లేదన్నారు. నమల్లేక పళ్ళెం పక్కకి తోసేసి పన్నునొప్పి అన్నారు. సాయంత్రమయ్యేసరికి మాట ముద్దగా వస్తుంటే గొంతు పట్టేసిందన్నారు. నోరు తెరిస్తే అబద్ధమేనా, ఏవండీ? మంచినీళ్ళు ముక్కులోంచి వచ్చి, ఊపిరందక పెదాలు నీలంగా మారితేగానీ ఆసుపత్రి గుర్తుకు రాలేదు!

ఒకటి రెండుగా కనిపిస్తున్నప్పుడు బస్సు నడిపేవాడు డిపోలో చెప్పక్కర్లేదా? స్టీరింగు లాక్కుంటారని భయం. సరే, మరి వెనక కూర్చున్నవాళ్ళు? వాళ్ళ కోసం ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళు లేరూ? ఎవరికీ ఏమీ కాలేదు, నిజమే. అది మీ గొప్పా?

ఏంటా చూపు? అమ్మో! నిన్నటిదాకా సగం కూడా లేవని రెప్ప, ఇవాళ పూర్తిగా ఎత్తి మరీ గుడ్లురుముతున్నారే! సిస్టరమ్మా, ఇలా వచ్చి చూడు, మీ మందు పనిచేస్తోంది. మొగుడికి కోపమొచ్చింది!

రానివ్వండి. నాకింకా తగ్గలేదు.

ఎలా తగ్గుతుంది? పోయిన నెల చెల్లెలింటికి వెళ్ళాను చూడండి, ఆ రోజు మీ బస్సే ఎక్కాను. వెనక తలుపులోంచి. మీరు చూళ్ళేదు. కాసేపటికి అద్దంలో మీ మొహం కనిపించింది. రెండుగా కనిపించకుండా అరచేత్తో ఎడమకన్ను మూసుకుని, ఒంటిచేత్తో స్టీరింగు తిప్పుతున్నారు. నా ముందు సీట్లో ఒకావిడ ఒళ్ళో పాపకి జడేస్తోంది.

నేనేం చేశానో తెలుసా?

అరవలేదు. మీ దగ్గరికి రాలేదు. ఇంటికొచ్చాక కూడా అడగలేదు. ఉద్యోగం పోతే ఎలా అని నాకూ భయమేసింది.

తర్వాతి స్టాపులో దిగిపోయానండీ. నేనొక్కదాన్నే.