తల్లి పేరు అన్నచోట

ఇలోయిలో అనే ఓడరేవు పట్టణంలో పెళ్లికాని గర్భిణులకు, బాలింతలకు నీడనిచ్చే ఇంటి వరండాలో ఒక తల్లీ కూతురూ కూర్చున్నారు. కూతురు కన్న తొమ్మిది రోజుల పాప పెద్దావిడ ఒడిలో నిద్రపోతోంది.

“జనన పత్రంలో తల్లి పేరు అన్నచోట నా పేరు రాయించు. పాప నా బిడ్డగా పెరుగుతుంది. నీకు చెల్లెలవుతుంది, అంతే.”

“నేను కన్న పిల్ల నన్ను అక్కా అని పిలవాలా?”

“మన వీధిలో రోసెండా చేయలేదూ? కూతురి బిడ్డను తన బిడ్డగానే పెంచింది. ఎవరన్నా నోరెత్తారా?”

“ఎత్తకేం? నాకు ఆరేళ్లప్పుడే తెలుసు. ఆ పిల్లకు తప్ప ఊరందరికీ తెలుసు.”

“నీకోసమే కదే, నెలల తరబడి కడుపుతో ఉన్నట్టు పొట్టకు తువ్వాలు కట్టుకుని, అందరి ముందూ పచ్చి మామిడికాయ ముక్కలు ఉప్పురొయ్యల ముద్దలో అద్దుకు తిన్నాను. పళ్లు పులిసిపోయాయి.”

“నలభై తొమ్మిదేళ్లకు నీకు వేవిళ్లా? నాన్న ఓడ పనికెళ్లి ఏడాదిన్నర అయిందమ్మా. ఆ సంగతి ఆలోచించావా?”

పెద్దావిడ పాప మీది గుడ్డ సర్దింది.

“తండ్రి పేరు అన్నచోట ఏం రాయిస్తావు మరి?”

“ఖాళీగా వదిలేశాను. తల్లి పేరు దగ్గర నా పేరు రాసి, నిన్ననే సంతకం పెట్టాను.”

“ఎక్కడుంటావు? ఏం తింటావు?”

“పాపకు ఏడాది నిండేవరకు ఇక్కడే. రొట్టెలు కాల్చే పని నేర్పుతారు, ఆ వేళకు పాపను చూడ్డానికి ఆయా ఉంది. ఆ తరవాత నా రెక్కలు నాకున్నాయి.”

“ఎంత పొగరే నీకు!”

“నీ పోలికే. అమ్మమ్మగా ఎత్తుకుంటానంటే ఎంతసేపైనా ఎత్తుకో. అమ్మనంటే మాత్రం నా బిడ్డను నాకిచ్చెయ్.”

“గట్టిగా అరవకు, నా మనవరాలు లేస్తుంది” అంది పెద్దావిడ, పాపను ఇంకాస్త దగ్గరికి పొదువుకుంటూ.