పైగొంతు

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒత్తులు తప్పినా, కథ నెమ్మదిగా నడిచినా మన్నించండి.

మాంచెస్టర్‌లో ఒక రికార్డింగు స్టూడియో. అద్దానికి లోపల మైకు ముందు లోర్నా, ఇవతల మీటల దగ్గర కీలీ. ఒకప్పటి 'కాపర్ లేన్' అనే ముగ్గురమ్మాయిల పాటల బృందంలో మిగిలింది వీళ్ళిద్దరే. ఇప్పుడు ఇద్దరికీ నలభై ఆరు.

"ఆ పాట ఇంకొక్కసారి వెయ్యవే, కీలీ."

"పదిహేడుసార్లు అయింది, లోర్నా. గొంతు చిరిగిపోతుంది."

"నాలుగింటికి రికార్డు కంపెనీవాళ్ళు వస్తారు. పల్లవి మీద పైస్థాయిలో పలికే ఆ పైగొంతు పలక్కపోతే కచేరీల పర్యటన లేదన్నారు. ఈసారి పోతే మనల్ని ఇంకెవరూ పిలవరు, కీలీ. ఎవరూ. వెయ్యి."

"కాస్త టీ తాగు."

"టీ నా మొహాన పొయ్యి. వెయ్యమంటుంటే!"

"శ్రుతి ఒక మెట్టు దించుదామా?"

"దించితే జనం పసిగట్టరూ? ముసలిదైపోయిందంటారు. ఆ రోజుల్లో ఒక్కపూటలో పాడి పారేశాను కదే ఆ వరస. గుర్తుందా?"

"ముగ్గురం పాడాం. ప్రతి వరసా ముగ్గురి చేతా పాడించేవాడు మన రికార్డింగులు చేసే ఆర్థర్."

"పాడించి, బాగున్నది ఉంచేవాడు. ఉంచింది నాది. పత్రికలన్నీ రాశాయి."

"ఎవరిది ఉంచాడో మనకెప్పుడూ చెప్పలేదు."

"చెప్పాలా? నా గొంతు నాకు తెలీదూ? ఎందుకలా చూస్తావ్? పొద్దున్నించీ అదోలా ఉన్నావ్."

"ఏం లేదు."

"ఏం లేదు, ఏం లేదు అంటూ గోళ్ళన్నీ తినేశావ్."

"ఆర్థర్ తన అటక మీది పాత టేపు పంపాడు. అందులో ఒక్కో గొంతూ విడివిడిగా ఉంది."

"మంచిదేగా! పెట్టు, నా పాత గొంతు విని అందుకుంటా."

"నేను విన్నాను. వద్దు."

"పెట్టవే!"

"ఆ వరస చివర దగ్గు ఉంది, లోర్నా. దగ్గి, 'క్షమించు ఆర్థర్, మళ్ళీ పాడనా?' అంది."

"ఎవరు? నేనా?"

"నువ్వు ఏనాడైనా ఎవరినైనా క్షమించమన్నావా?"

"...డియోన్?"

"డియోన్."

"అబద్ధం. దానికి శ్రుతే లేదు. అందుకే కదా బృందంలోంచి పంపించేశాం."

"పాట మొదటి స్థానానికెక్కిన వారమే. పంపించమన్నది నువ్వు. తలూపింది నేను."

"మరి స్టేజీ మీద అన్నేళ్ళూ నేను పాడలేదూ?"

"పాడావు. టేపూ పాడింది. నీ మైకు తగ్గించేవాళ్ళు."

"నోర్ముయ్."

"తర్వాత రెండుసార్లు కొత్త పాటలతో తిరిగొచ్చాం. రెండుసార్లూ బోర్లాపడ్డాం. ఎందుకో నాకివాళ తెలిసింది."

"టైమెంత?"

"మూడుంపావు."

"ఇది పోతే నాకింకేం లేదే... ఒక్కసారి వెయ్యి. ఈసారి అందుకుంటా. వెయ్యి, కీలీ, వెయ్యి..."

"పొద్దున్నే దానికి ఫోన్ చేశాను."

"నవ్విందా?"

"లేదు. అది తన గొంతేనని దానికి మొదట్నించీ తెలుసట."

"మరి అప్పుడే చెప్పి చావొచ్చుగా!"

"చెబితే మన పాట ఆగిపోయేదని ఊరుకుందట."

"...వస్తుందా?"

"వచ్చింది. కింద వానలో నిల్చుంది. నువ్వు దిగొచ్చి నీ నోటితో పిలిస్తేనే లోపలికొచ్చి పాడతానంది."

— బొడ్డు నరసమ్మ, డెబ్బై ఒక్కేళ్ళు. ప్రస్తుతం ఉండేది సాల్ఫర్డ్.