ఆడగొంతు

"జారిపడ్డావనే రాద్దాం గంగన్నా. అందులో నీ పరువుకేం తక్కువ? వానకి దిబ్బ జారుడుగా ఉంది, కాలు నిలవలేదు, ఇటుకల మీద మొహం పడింది. అంతే."

"వాన లేదండి ఆ రోజు."

"వాన సంగతి ఎవడు చూస్తాడయ్యా?"

మధ్యాహ్నం మూడింటివేళ, బందరు పెద్దాసుపత్రిలో, గంగన్న రెండు కళ్ళకీ కట్టుతో మంచం మీద పడుకుని ఉన్నాడు. దివిసీమలో ఒక పాత బౌద్ధస్తూపం దిబ్బకి అతను కాపలాదారు. మంచానికి ఒక పక్క అతని భార్య రాజకుమారి కూర్చుంది. రెండో పక్క కాంతారావు, ప్రభావతి నిలబడ్డారు. గంగన్నని గునపంతో కొట్టి జైల్లో ఉన్న పిచ్చేశ్వరరావుకి కాంతారావు అన్న, ప్రభావతి భార్య. ఎనిమిది రోజులుగా గంగన్నకి మనుషులంటే గొంతులే.

"నేను చూశానండి కాంతారావు గారూ. ఎండ మండిపోతోంది ఆ రోజు."

"నువ్వుండు రాజకుమారీ. మేం మాట్లాడుకుంటున్నాం కదా."

"మీ తమ్ముడుగారూ ఇదే మాటన్నారండి. నువ్వుండవే, నీ పని తర్వాత చెప్తానని. షెడ్డులోంచి జుట్టు పట్టుకుని బైటికీడ్చారు ఈయన్ని. ముందు గునపంతో దిబ్బ దగ్గరి సర్కారు బోర్డు పీకారు. తర్వాత అదే గునపంతో మోకాలి మీద వేశారు. కింద పడ్డాక నెత్తి మీద వెయ్యబోతే ఈయన చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. చెయ్యి మీద వేశారు. అవతల నీళ్ళ ఇంజను మోగుతోంది, ఆ మోతలో కూడా వినపడింది నాకు ఎముక విరగడం. అప్పుడు గునపం తిప్పి మొన పెట్టి..."

"చాల్లే."

"కంట్లో పొడిచారండి."

"కావాలని పొడుస్తాడా ఎవడైనా? చెయ్యి జారింది."

"ఇందాక కాలు జారిందన్నారు."

"చూడు గంగన్నా, నీ పెళ్ళానికి చెప్పుకో. నేను గొడవకి రాలేదు. మనిషికి ఊరికే కోపం రాదు. వాడి పొలంలో వాడు రొయ్యల చెరువు తవ్వించుకుంటున్నాడు. దిబ్బ అంచు కాస్త తెగింది. నాలుగు ఇటుకలు లేచాయి. దానికా ఇంత రాద్ధాంతం?"

"నాలుగు కాదండి. ఆరు ట్రాక్టర్లు. తీసుకెళ్ళి చెరువుగట్టుకి పోశారు. చెక్కిన రాళ్ళు కూడా ఉన్నాయి అందులో. ఒకదాని మీద పాదాలున్నాయి. పొక్లెయిన్ పన్ను దిగి రెండు ముక్కలైంది."

"చేపలు పట్టుకునేవాడివి, నీకెందుకయ్యా పాదాల గొడవ?"

"గిలకలదిండిలో వేట వదిలేసి నాలుగేళ్ళయిందండి. ఇప్పుడు నా పని అదే."

"పనంటే ఊరి మనిషిని పట్టించడమా? గంట తిరక్కుండా జీపులొచ్చాయి. పొక్లెయిన్ పట్టుకుపోయారు. నా తమ్ముణ్ణి నలుగురి ముందూ చొక్కా పట్టుకుని లాగాడు, నిన్నగాక మొన్న మీసాలొచ్చిన ఎస్సై. ఎవరో ఫోన్ చేస్తేనే కదా వచ్చారు?"

"నేను చెయ్యలేదండి. ఆ పూట నాకు ఘంటసాలలో డ్యూటీ వేశారు. దిబ్బ దగ్గరుంటే చేసేవాడినే. లేను. మర్నాడు ఆయన కొడుతున్నంతసేపూ నేను అరిచింది అదే."

"నమ్ముతున్నాను."

"ఏంటండీ?"

"నువ్వు చెయ్యలేదంటే నమ్ముతున్నానంటున్నాను. మీ ఆఫీసులో ఫోనెత్తినవాడు మనకి తెలిసినవాడే. నంబరు దొరకలేదు కానీ మాట మాత్రం చెప్పాడు. ఆడగొంతు. ఏం రాజకుమారీ? ఇందాకటి నుంచి తెగ మాట్లాడావు. ఇప్పుడు మాట్లాడవేం?"

"నేను కాదండి. గంగమ్మ తోడు. నేను కాదు."

"కాకపోతే మంచిదే. మరెవరో కనుక్కో. సోమవారం బెయిలు మీద వస్తాడు మావాడు. రాగానే అడిగేది అదే. నాకు ముందే తెలిస్తే నేను సర్దిచెప్పుకుంటా. లేదా వాడే తేల్చుకుంటాడు. వాడు ఆడా మగా చూడడు. ప్రభావతీ, నువ్వు చెప్పమ్మా. బొమ్మలా నిలబడ్డానికా తీసుకొచ్చాను?"

"గంగన్నా... సంతకం పెట్టు గంగన్నా. ఆయన లేకపోతే పొలం పనులు ఆగిపోయాయి. మా లహరి పదో తరగతి. పిల్లకి తండ్రి కావాలి. ఆయన... ఆయన చెడ్డవాడు కాదు."

"ఇంకా?"

"ఇంక మీ జోలికి రారు. నాది పూచీ."

"అదీ. ఇంటి ఇల్లాలే పూచీ ఉంటోంది, ఇంకేం కావాలి? లాయరు డేనియల్ గారు కింద కాగితాలు రాయిస్తున్నారు. పిలుచుకొస్తాను. ఈలోపు మొగుడూ పెళ్ళాం ఒక మాట అనుకోండి. నువ్విక్కడే ఉండమ్మాయ్."

చెప్పుల చప్పుడు వరండా దాటి మెట్లు దిగిపోయింది.

"గంగన్నా, పెట్టద్దు."

"ఎవరది? ప్రభావతమ్మగారా?"

"నేనే. మెల్లిగా మాట్లాడు. సంతకం పెట్టద్దు. పెట్టావంటే సోమవారం ఆయన ఇంటికొచ్చేస్తాడు."

"ఇప్పుడే కదమ్మా పెట్టమన్నారు?"

"చల్లపల్లి నుంచి బందరు దాకా కారులో చెప్పించారు నా చేత. మూడుసార్లు. పూచీ అన్న మాట దగ్గర నోరు తిరక్కపోతే మళ్ళీ చెప్పించారు."

"ఏం నాటకమండీ ఇది? ఇటు తిరగండి మీరు. ఆ మెడ మీదేంటది?"

"ఏం లేదు రాజకుమారీ."

"పైట తియ్యండి. ఏం లేకపోవడమేంటి? ఏమయ్యా, ఈవిడ మెడ చుట్టూ వేళ్ళు పడ్డాయి. నల్లగా కమిలిపోయి పసుపురంగు తిరుగుతున్నాయి."

"పాతవి. తొమ్మిది రోజులవి. ఆయన ఇంట్లో ఉన్నప్పటివి. చారులో ఉప్పెక్కువైందని. లహరి అడ్డం రాకపోతే ఆ పొద్దున్నే అయిపోయేది నా పని. దాని చెవి మీద కొట్టాడు. ఒక్క దెబ్బే. వెళ్ళి గోడకి పడింది. దిండు గలీబు తడిసిపోయేంత నెత్తురొచ్చింది చెవిలోంచి. ఆ చెవి ఇప్పటికీ వినపడట్లేదు."

"పోలీసులకి చెప్పలేకపోయారామ్మా?"

"రెండుసార్లు వెళ్ళాను గంగన్నా. రెండుసార్లూ నేను బెంచీ మీద కూర్చునేసరికి బావగారికి కబురెళ్ళింది. మా ఇంటి సంగతి మేం చూసుకుంటామని కారెక్కించారు. చూసుకున్నారు కూడా. రెండు పళ్ళు అప్పుడే పోయాయి. పెదపారుపూడిలో మా అన్నయ్య సుందరరాజుకి ఫోన్ చేస్తే, ఏ ఇంట్లో లేదమ్మా, సర్దుకోమన్నాడు."

"అయ్యో."

"పొలానికి క్యారేజీ తీసుకెళ్ళే దారిలోనే కదా మీ నీలం బోర్డు. పదహారేళ్ళు దాని పక్క నుంచే నడిచాను, ఒక్కసారీ చదవలేదు. లహరిని కొట్టిన రోజు చదివాను. దీనికి హాని చేస్తే రెండేళ్ళు జైలని ఉంది. ఇటుకని కొడితే రెండేళ్ళు! నేను నిలబడి రెండుసార్లు చదువుకున్నాను. కింద మీ ఆఫీసు నంబరుంది. అవతల పొక్లెయిన్ దిబ్బని తవ్వుతూనే ఉంది. ఇంత తెలివితక్కువవాడా, దొరికిపోయాడే అనుకున్నాను. వెనక్కి వెళ్ళి, మిషను కుట్టే ఇంద్రజ ఫోన్ అడిగి తీసుకున్నాను."

"అంటే..."

"ఆ ఆడగొంతు నాదే."

"ఏమన్నారూ?"

"నేనే చేశాను రాజకుమారీ."

"మర్నాడు మీరు గట్టు మీద ఉన్నారు కదా? క్యారేజీ పట్టుకుని నిలబడ్డారు. నేను చూశాను మిమ్మల్ని."

"ఉన్నాను."

"నేను కాదు బాబో, నేను కాదు బాబో అని ఈయన మట్టిలో దొర్లుతున్నాడు. మీరు నోరు తెరవలేదు."

"తెరవలేదు."

"కొంగు అదిమి పట్టుకుని తీసుకొచ్చాను బందరు దాకా. కొంగులో ఉన్నది నెత్తురొక్కటే అనుకున్నాను. నర్సమ్మ చూసి చెప్పింది, అది కన్ను అని. తెలుసా నీకు?"

"కుమారీ, అరవకే."

"అరుస్తాను! రెండో కన్నైనా నిలబడుతుందో లేదో కట్టు విప్పితే కానీ డాక్టరే చెప్పలేనన్నాడు. అంత చేసి, ముత్తైదువలా తయారై పూచీ ఉంటానంటూ వచ్చావా? నీకు సిగ్గు..."

"కుమారీ! ఏంటా చప్పుడు? ఏం చేశావ్?"

"కొట్టాను. చెంప మీద కొట్టాను."

"వద్దే, పాపం..."

"ఇంకోటి కొట్టు రాజకుమారీ."

"ఎందుకలా నిలబడతావ్? చెయ్యి అడ్డం పెట్టుకోవేం? కొడుతుంటే ఎవరైనా చెయ్యి అడ్డం పెట్టుకుంటారు!"

"నేను పెట్టను. పెడితే ఇంకా ఎక్కువ కొడతాడు."

"అమ్మా, ప్రభావతమ్మగారూ. ఆ రోజు ఒక్క మాట చెప్పుంటే..."

"చెప్పుంటే ఆ గునపం నాకు దిగేది గంగన్నా. నీ మీద పడుతుంటే ఏమనుకున్నానో చెప్పనా? హమ్మయ్య, నా మీద కాదు కదా అనుకున్నాను. చూస్తూ, నిలబడి, అదే అనుకున్నాను. అంతకంటే చెప్పుకోవడానికి నా దగ్గరేం లేదు."

"విన్నావా? విన్నావా ఆవిడ మాట?"

"విన్నాను కుమారీ."

"ఆ కాంతారావుని రానీ. చెప్పేస్తాను. నా మొగుడు కాదు, నేను కాదు, మీ ఇంటి కోడల్నే అడుక్కోండని చెప్తాను."

"చెప్తే ఆవిణ్ణి బతకనివ్వరే."

"నిన్ను బతకనిచ్చారా? ఎనిమిది రోజులుగా ఈ కింద గచ్చు మీద కూర్చున్నది ఎవరు? నీకు గంజి పోస్తున్నది, దొడ్డికి తీసుకెళ్తున్నది ఎవరు? నీకు జాలెక్కువ. నాకు లేదు."

"చెప్పేసెయ్ రాజకుమారీ. చెప్పద్దని అడిగే మొహం నాకు లేదు. గంగన్న చేత మాత్రం సంతకం పెట్టించకు. ఈ నెలలో పరీక్షలైపోతే లహరిని ఎక్కడైనా హాస్టల్లో చేరుస్తాను. ఒక్క నెల. నేనెలా పోయినా పర్లేదు."

"మాట్లాడకు నాతో."

మెట్ల మీద మళ్ళీ చెప్పుల చప్పుడైంది. ఈసారి రెండు జతలు.

"ఏం గంగన్నా, తేల్చుకున్నారా? డేనియల్ గారూ, ఆ సిరా పెట్టె తియ్యండి. కుడిచెయ్యి కట్టులో ఉంది కదా, ఎడంచేతి వేలిముద్ర సరిపోతుంది."

"వెయ్యనండి."

"ఏంటీ?"

"వేలిముద్ర వెయ్యను. నేను జారిపడలేదు. పిచ్చేశ్వరరావు గారు గునపంతో కొట్టారు. కోర్టులో అదే చెప్తాను."

"అబ్బో! ఒక కన్ను మిగిలిందన్న ధైర్యమా? ఒరేయ్, ఈ నెల కాకపోతే వచ్చే నెలొస్తాడు వాడు. ఆ ఫోన్ చేసినదాన్ని ఆ దిబ్బలోనే పూడుస్తాడు. పక్కనే నీకూ గొయ్యి తీస్తాడు."

"కాంతారావు గారూ, నా ముందు అలాంటివి అనకండి. నేను లాయర్ని."

"మీరుండండి డేనియల్ గారూ. ఏం ప్రభావతీ, నీ చెంప ఎర్రగా ఉందేం?"

"ఏం లేదు బావగారూ."

"ఏం లేకపోతే అయిదు వేళ్ళూ తేలతాయా? నేను లేనప్పుడు ఏం జరిగింది ఇక్కడ? ఏం మాట్లాడుకున్నారు మీరు? ప్రభావతీ, నిన్నే."

"ఏం... ఏం మాట్లాడుకోలేదు."

"నీ గొంతెందుకలా వణుకుతోంది? ఇలా రా. నా మొహంలోకి చూసి చెప్పు."

"ఆవిణ్ణెందుకండీ అడుగుతారు? నన్నడగండి."

"నిన్నేమడగాలి రాజకుమారీ?"

"ఫోన్ ఎవరు చేశారో నాకు తెలుసండి."

"కుమారీ, వద్దే! నీకు దణ్ణం పెడతాను."

"నువ్వుండయ్యా. నీకు కనపడదు. నాకు కనపడుతోంది."

"చెప్పవే. ఎవరు?"

"లాయరు గారు కూడా వినాలి. కావాలంటే రాసుకోమనండి."

"చెప్పు!"

"ఫోన్ చేసింది నేనండి. ఆవిడ చెంప మీద కొట్టిందీ నేనే, సంతకం పెట్టమని మళ్ళీ ఇంకోసారి అడిగిందని."