మద్దిలేటన్న రాతికండ్లు

ఏందబ్బీ, టీ తాగకుండా ఎదురుగుండే ఆ రాతిబొమ్మనే చూస్తాండావ్? అది దేవుడు గాదులే. మద్దిలేటన్న. మంత్రి చేసినాడు, నువ్వు పుట్టకముందు. మొదట నంద్యాలలో పత్తివిత్తనాల అంగడి, తర్వాత ఎమ్మెల్యే, ఇంగ మంత్రి. ఆయప్ప ఆళ్ళగడ్డకొస్తే ఈ రోడ్డంతా జీపులే! నా టీ అంగట్లో పాలు చాలక చాగలమర్రి బస్సులో క్యాన్లు తెప్పిస్తాంటి. ఆ బస్సు డ్రైవరొకడు, పాడైపోను, సగం పాలు వాడే... సరేలే, యాడికో పోతాండా. అన్న ఓడిపోయినాడు. జీపులూ లేవు, మనుషులూ లేరు. అప్పుడొచ్చినాడు ఆ ఎదురుగుండే శిల్పుల కొట్టానికి, వీరాచారి కాడికి. "జనం నన్ను మర్సిపోతాండారు వీరాచారీ, నా బొమ్మ చెయ్యి" అని. ఈడ శిల్పులకొక కట్టుబాటుంది నాయనా. బతికుండే మనిషికి బొమ్మ చేస్తే కండ్లు చెక్కరు, పోయినాకనే చెక్కేది. వీరాచారి ఎంత బతిమలాడినాడో, "వద్దు సామీ, నా మాటిను" అని. ఇంటాడా, మంత్రి చేసినోడు! "నేనుండంగనే కండ్లు తెరువు. నన్నెవురు తల్సుకుంటారో నేను చూడాల" అన్న్యాడు. వీరాచారి తెరిసినాడు.

నెల తిరక్కముందే అన్నకు చూపు పాయె. డాక్టర్లేమో కండ్లల్లో ఏం తప్పు లేదన్న్యారు. నేను అంగడికి తాళమేసి నంద్యాలకు చూసేకి పోతి. మంచంలో ఉండాడు. నా గొంతు ఇనంగనే, "హుస్సేన్‌బీ, అంగడి మూసొస్తివే? నీ మెట్టు మీద ఎర్రకుక్క పండుకోనుంది" అన్న్యాడు. యా అల్లా! నంద్యాల యాడ, నా మెట్టు యాడ? "నాకు ఆ రోడ్డు తప్ప ఇంగేం కనపడదు చెల్లే. అందరూ పోతాండారు. నేను బోర్లేపించి నీళ్ళిచ్చినోళ్ళే. ఒగడన్నా తలెత్తి చూడడే" అని సిన్నపిల్లోని మాదిరి ఏడ్సినాడు. "నేను చూస్తాలే అన్నా" అంటి.

ఆ పొద్దుట్నుంచి రోజూ తొలి టీ పోయంగనే ఆ బొమ్మ పక్కకు తిరిగి సలాం చేస్తాంటి. ఆడ్నుంచి వదినె ఫోను: "పచ్చచీర కట్టుకున్న్యావంట గదా, మీయన్న నవ్వుతాండాడు." తర్వాత అన్న పాయె. ఇంట్లోవాళ్ళు బొమ్మ కోసం రానేలేదు, ఆ కొట్టం ముందరే ఉండిపాయె. బొమ్మ కండ్లన్నా మూసెయ్యి అని నేనంటే వీరాచారి ఏమన్న్యాడో తెల్సా? "తెరిసేది నేర్సినాం గానీ, మూసేది మాకెవురూ నేర్పలే హుస్సేన్‌బీ." పోయినాక గూడా కనపడతాదా అంటావా? నాకేం తెల్సు నాయనా.

అబ్బీ, రోంత ఈ పక్కకు జరుగు. అడ్డమొస్తాండావు. ఈ పొద్దు ఇంగా సలాం చెయ్యలే.