పేరు పెట్టి పిలిస్తే

అంతర్వేది దగ్గర, గోదావరి సముద్రంలో కలిసేచోట ఇంజన్ ఆపిన పడవ. అందులో పడవ నడిపే లోవరాజు, అతని భార్య మాణిక్యాంబ, నీళ్లలోకి మైకు వదిలి డాల్ఫిన్ల మాటలు వినే రూబీ.

“అమ్మాయ్, ఆ మైకు తాడు గట్టిగా కట్టమని ఆయనకి చెప్పు.”

“బాబాయ్‌గారు పక్కనే ఉన్నారుగా పిన్నిగారూ, మీరే చెప్పొచ్చుగా?”

“మేం మాట్లాడుకోవట్లేదు.”

“కట్టానని ఆవిడికి చెప్పండి మేడంగారూ.”

“ఎన్నాళ్లనుంచండీ ఇలా?”

“బొమ్మిడాయిల పులుసు నుంచి. పదిమందిలో కూర్చుని, మా వదిన చేతి రుచి నీకెక్కడిదే అన్నారు. మూణ్ణెల్లయింది.”

“ఉన్నమాటంటే ఉలుకెక్కువని చెప్పండి ఆవిడికి.”

“చూశావా అమ్మాయ్, చూశావా!”

“మీ గొడవ ఒడ్డుకెళ్లాక పడండి. ఇవాళే నాకు ఆఖరి రోజు. వాటి ఈలలు పది నిమిషాలు శుభ్రంగా రికార్డయితేనే ఈ గుంపు ఇక్కడుందని రిపోర్టు రాయగలను. లేదంటే ఏడాది కష్టం గోదాట్లో కలిసినట్టే.”

“ఈలలో ఏముంటదండీ?”

“పేరు బాబాయ్‌గారూ. ఒక్కోదానికీ ఒక సొంత ఈల. ఒకటి దూరమైతే, దగ్గరిది ఆ ఈలే వేసి పిలుస్తుంది.”

“ఆయ్! పెళ్లాం కూడానా?”

“హవ్వ! మొగుణ్ని పేరు పెట్టే! సిగ్గులేని చేపలు.”

“చేపలు కావు పిన్నిగారూ...”

“ఏవైతేనేం. పాతికేళ్ల కాపరంలో ఆయన పేరు నా నోట రాలేదు. రేషన్ కార్డువాళ్లు అడిగితే కూడా పక్కింటావిడ చేత చెప్పించాను.”

“మూణ్ణెల్లుగా ‘ఏవండీ’ అన్నదీ లేదు. ఇంటికెళ్లబుద్ధి కావట్లేదని చెప్పండి మేడంగారూ.”

“ష్... వినబడుతున్నాయి! రెండు... మూడు ఈలలు. ఎవరూ మాట్లాడకండి.”

“అమ్మాయ్, ఆయన్ని అంచు మీంచి దిగమను.”

“ష్!”

“కెరటం వస్తోందే, వెనక్కి చూడమను...”

“పిన్నిగారూ, మీకు దణ్ణం పెడతాను!”

“అయ్యో, చెప్పవే... లోవరాజూ! లోవరాజూ!”

“పోయాయి! మీ అరుపుకీ, ఆయన పడ్డ చప్పుడుకీ అన్నీ పోయాయి!”

“నీ డాల్ఫిన్లు తగలడ, ముందు ఆ తాడందుకో! ఏవండీ, ఇటు... ఇటు చెయ్యివ్వండి.”

“ఎవర్నే పేరు పెట్టి పిలిచావ్?”

“భయంలో వచ్చేసిందండీ. తప్పయిపోయింది. ఎక్కండి.”

“ఎక్కను.”

“నీళ్లలో కూడా పౌరుషమేనా?”

“ఇంకోసారి పిలు. అప్పుడెక్కుతాను.”