ఓవెన్‌లో తూటాలు

(నాచారంలో ఒక ఫ్లాట్. ఆదివారం మధ్యాహ్నం. స్వర్ణలత బజారు నుంచి వచ్చేసరికి భర్త నరేందర్ వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.)

“జరుగు నరేందర్.”

“జరసేపు ఆగరాదు స్వర్ణా. లోపల వేడిగున్నది.”

“వంటిల్లు వేడిగుండక సల్లగుంటదా? ఏందీ వాసన? నా ఓవెన్ ఎందుకు పెట్టినవ్?”

“ఊకెనే.”

“ఊకెనే ఎవ్వలన్న ఓవెన్ పెడ్తరా? నా కేకు ట్రేల గిదేంది, మెరుస్తున్నది, అట్టు లెక్క?”

“సీసం.”

“సీసమా?”

“తూటాలు. అంటే... పొద్దుగాల తూటాలే ఉండె. కరిగినయ్.”

“ఇంట్ల తూటాలేంది?”

“మీ బాపు తుపాకికి. మక్కచేన్ల అడవిపందులు పడ్తున్నయ్ అనలేదా? నేనే జేసిస్త మామా అన్న. ఉత్తగ అచ్చుల పోసి ఇడిస్తె సీసం మెత్తగుంటది. వేడి జేసి నీళ్లల్ల ఏస్తె గట్టిపడ్తది. మరీ గట్టిగైతె పందిల నుంచి అటే దూసుకపోతది, మెత్తగైతె పైననే చితుకుతది. నడుమ రకంగ రావాలె. లోపలికి పోయినంక పువ్వు లెక్క విచ్చుకోవాలె.”

“పువ్వు సంగతి తర్వాత. లైసెన్సు తుపాకికే, ఇంట్ల తూటాలు జేసుడుకు గాదు. పోలీసులొస్తె ఏం జెప్పాలె, కేకు అనా? సీసం విషం. గీ ఓవెన్ల ఇగ రొట్టెముక్క గుడ పెట్టరాదు.”

“కొత్తది కొంట.”

“మొన్న గుడ గిట్లనే కరగబెట్టి బాల్కనీల దాసినవ్, సూసిన; ఏందో అనుకున్న, గిప్పుడు ఎరుకైంది. ఇంజనీరువు. గా ఓవెన్ వేడి మీట ఎంత తిప్పాల్నో ఎరుక లేదా?”

“ఎరుకనే.”

“మరి?”

“మంచిగొస్తె శనివారం మామతోని వేటకు పోవాలె గద.”

“పోతె? ఎన్.సి.సి.ల మస్తు కాల్సిన అని పెండ్లినాడే జెప్పినవ్ గద బాపుకు.”

“ఎన్.సి.సి.ల నాది బ్యాండు, స్వర్ణా. డ్రమ్ము కొట్టేటోన్ని.”

“తుపాకి?”

“పట్టుకున్న. ఫొటోకు.”

“నవ్వొస్తున్నది గని నవ్వ. గీ మాట బాపుకే ఫోన్ జేసి జెప్పు.”

“ఎట్ల జెప్పాలె? అల్లుడు వేటకొస్తుండని ఊరంత జెప్పుకున్నడంట. నువ్వే ఏదన్న జెప్పరాదు. నాకు జరమొచ్చిందను.”

“నేను ఫోన్ జేసుడెందుకు? పొద్దుగాల ఆయనే జేసిండు ఫోను.”

“ఏమన్నడు? తయారైనయా అన్నడా?”

“‘అల్లుణ్ణి ఎట్లనన్న ఆపు బిడ్డా. మీ తాత పోయినంక ఆయన తుపాకిని నేను ముట్టనే లేదు, దాని సప్పుడంటెనే నాకు దడ’ అన్నడు.”