ఇసుక కుప్ప మీద చుక్క

ఇది రాసినామె ఇంతకుముందు ఏదీ రాసి ఎరగదు. అయిదో తరగతితో బడి మానేసింది. ఆ తర్వాత రాసిందల్లా ఫోటోల కవర్ల మీద పేర్లు, ఎవరివి ఎవరికివ్వాలో మర్చిపోకుండా. "నేను" అని మొదలుపెడితే సిగ్గేసి చెయ్యి ముందుకు సాగలేదు. అందుకని "ఆమె" అని రాసుకుంది. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

ఆమె భర్తకి ఫోటోలూ బ్యానర్లూ ప్రింటు వేసే కొట్టుంది. పక్కనే టీ కొట్టు, రెండింటికీ ఒకటే గోడ. ఎదురుగా రోడ్డు, రోడ్డుకవతల ఎవరూ కట్టుకోని ఖాళీ స్థలం. వీధిలో అందరూ ఆయన్ని బ్యానరు బాబాయి అంటారు. ఆమెని పిన్ని అంటారు. ఆయన నోట్లో గోరంతది కొండంతవుతుంది. పొద్దుగూకే వేళకి టీ కొట్టు బల్ల మీద చేరాడంటే చాలు, పక్కింట్లో పిల్లి పాలు తాగిన సంగతైనా సరే, పులి చెరువు తాగిందని చెప్పి లేస్తాడు. అవి వింటూ గుమ్మం లోపల కూర్చుని ఫోటోల అంచులు కత్తిరించుకుంటూ ఆమె ఇరవై ఆరేళ్ళుగా తల దించుకునే ఉంది.

కానీ ఆ రోజు సిగ్గు వేరు. ఆ రోజు ఆయన కోతలు కోస్తున్నది ఆమె కోసం.

సంగతేమిటంటే, ఆ వీధిలోనే ఉండే తాపీ మేస్త్రి ఎవరెవరికో ఇళ్ళు కట్టీ కట్టీ నలభై అయిదో ఏట తనకొకటి కట్టుకున్నాడు. ముందు గదిలో గోడకి సిమెంటుతో పనితనమున్న చట్రం ఒకటి తీర్చాడు, నిలువెత్తున, నడుమ సున్నం కూడా వెయ్యకుండా వదిలేసి. అక్కడ వాళ్ళమ్మ ఫోటో రావాలి. ఆవిడ ఇటుకలు మోసిన మనిషి. ఉన్నదొకటే ఫోటో. ఎప్పుడో పని జరుగుతుంటే ఇంజనీరుగారు తీసింది. నెత్తిన ఇటుకలు, మొహం నిండా నవ్వు. ఆ ఇంజనీరుగారే ముసలితనంలో దాన్ని పెద్ద యంత్రం మీద కంప్యూటర్లోకి ఎక్కించి ఇస్తే, మేస్త్రి తెచ్చి వీళ్ళ కొట్లో దాచిపెట్టమన్నాడు. "మీ దగ్గరుంటే నా దగ్గరున్నట్టే పిన్నీ" అన్నాడు. తర్వాత ఇంజనీరుగారు పోయారు. పిల్లలు ఇల్లమ్ముకుని వెళ్ళిపోయారు. ఆల్బమేమైందో ఎవరికీ తెలీదు.

కంప్యూటర్లో ఫోటో ఒక్క రకంగా ఉండదు. పెద్ద ప్రింటుకి పనికొచ్చే లావు ఫైలొకటి, ఫోనుకి పంపడానికి దాన్నే కుదించి చేసే సన్న ఫైలొకటి. మేస్త్రి అమ్మని ఫోన్లో పెట్టుకుంటానంటే ఆమే సన్నది చేసిచ్చింది, భర్త నేర్పిన ప్రకారం. కొన్నాళ్ళకి కంప్యూటరు చోటు చాలట్లేదని మొరాయించింది. సర్దడం ఆమె పనే. చూస్తే ఒకే బొమ్మ రెండుచోట్ల. కిందున్న పేరూ ఒకటే. వంటింట్లో ఒకేలాంటి గిన్నెలు రెండుంటే బరువున్నదాన్ని అటకెక్కిస్తాం. ఇక్కడ అటక లేదు, చెత్తబుట్టే ఉంది. లావుది అందులో వేసింది. బుట్ట కూడా ఖాళీ చేసింది. ఆ పూట కంప్యూటరు గుర్రంలా పరిగెత్తిందని ఆయన మెచ్చుకున్నాడు కూడా.

ఇల్లు పూర్తయిందని మేస్త్రి కబురు పెట్టాక ఫైలు కోసం వెతికితే అసలు సంగతి బయటపడింది. సన్నదాన్ని పెద్దది చేసి చూశారు. నవ్వున్నచోట గళ్ళు. ఆమెకి తల కొట్టేసినట్టయింది. ఆయన కాసేపు గడ్డం గీరుకుని, నువ్వు నోరు విప్పకు, నేను చూసుకుంటాను అన్నాడు. ఆయన చూసుకోవడం అంటే ఏమిటో ఆమెకి తెలుసు.

మూడోరోజు సాయంత్రం మేస్త్రి వచ్చాడు. చేతుల మీద ఇంకా రంగు మరకలున్నాయి. గది సిద్ధంగా ఉంది బాబాయ్, అమ్మ ఎప్పుడొస్తుంది అనడిగాడు. టీ కొట్టు బల్ల మీద సెలూనాయన ఉన్నాడు. పొయ్యి దగ్గర టీ మామ. బాబాయి మేస్త్రి చేతికి టీ గ్లాసందించి, కాళ్ళు చాపుకుని మొదలుపెట్టాడు.

"వస్తుంది, తొందరేముంది. అసలు ఫోటో పెద్దది చెయ్యడమంటే ఏమిటో నీకు చెప్పాలి. కొట్టు పెట్టిన కొత్తలో ఒకాయన వచ్చాడు, చేతిలో తపాలా బిళ్ళంత ఫోటో, వాళ్ళ తాతది, ఎక్కడికెళ్ళినా ఇది పెద్దదవదు పొమ్మన్నారట. నేనేం చేశానూ, దాన్ని కంప్యూటర్లోకెక్కించి, ఫోను రకం నుంచి ప్రింటు రకానికి మార్చి, తలుపంత చేసి చేతిలో పెట్టాను. అంతే. అదేమంత గొప్ప పని కాదనుకో."

తలుపు కాదు, నోటు పుస్తకమంత. ఆ ప్రింటు కత్తిరించింది ఆమే కాబట్టి ఆమెకి తెలుసు. కానీ ఈ మాత్రం సాగదీయడం ఆయనకి ఊపిరి తీసుకోవడం లాంటిది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాళ్ళన్నదమ్ములు నలుగురు. తలుపొక్కటే అయితే ఎవరింట్లో పెట్టుకోవాలని తగువు. అందరికీ కనపడేలా మేడ గోడంత చెయ్యండి బాబాయ్ అన్నారు. చేశాను. మేడ గోడకి కడితే తాత మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. ఇదిగో ఈ సెలూనన్నే, నిచ్చెన తెచ్చుకుని కత్తెరతో ఎక్కబోయాడు, కింద నుంచి నేనే ఆపాను. ఏం, ఎక్కలేదూ?"

"నాకప్పటికి పెళ్ళి కూడా కాలేదు బాబాయ్, నేనీ ఊరే రాలేదు" అన్నాడు సెలూనాయన.

"అయితే నీలాంటివాడే ఇంకొకడు" అని ఆయన ఆగకుండా సాగిపోయాడు. "అప్పుడు చూశాను, తాత వెనకాల కిటికీ. కిటికీని పెద్దది చేశాను, లోపల గోడ గడియారం. గడియారం పెద్దది చేశాను, నాలుగూ పదయింది, దాని అద్దంలో ఫోటో తీసినవాడి నీడ, ఆ నీడ జేబులో మడత పెట్టిన ఉత్తరం. మడతలో ఉంటే ఎలా చదువుతాం అంటారేమో. ఫోటోని పొరలుండే రకానికి మార్చాను. దిద్దుకోవడానికి వేరే రకం ఉంటుందిలే, దోసకాయ తొక్క తీసినట్టు ఒక్కో పొరా తియ్యొచ్చు. జేబు గుడ్డ ఒక పొర, తీసేశాను. కాగితం మడత ఇంకో పొర, అదీ తీసేశాను. ఉత్తరం చదివేశాను."

"ఏముంది అందులో?" అని టీ మామ పొయ్యి మీది గిన్నె దించి మరీ అడిగాడు.

"ఇంకొకళ్ళ ఉత్తరం మనమెందుకు బయటపెట్టాలి, తప్పు కదూ. ఆ ఫైలు ఎంత బరువెక్కిందంటే, వేలెడంత పెన్‌డ్రైవుని నలుగురు మోసుకుని లారీ ఎక్కించారు, లారీ ఓ పక్కకి ఒరిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తాత పెన్షను. మనిషి బతికున్నాడో లేదో చూసి పొమ్మని ఆఫీసు నుంచి ఒకతన్ని పంపారు. అతను మేడ దగ్గరికొచ్చి పైకి చూశాడు, నమస్కారం పెట్టాడు, తాత బదులు పెట్టాడో లేదో నేను చూడలేదు, ఉన్నదున్నట్టే చెప్పాలి, కానీ అతను కాగితం మీద 'బతికే ఉన్నారు, ఆరోగ్యంగా ఉన్నారు, కొంచెం లావయ్యారు' అని రాసి సంతకం పెట్టి వెళ్ళాడు."

అందరూ నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు, కానీ ఆ నవ్వు వేరు. అతను నమ్ముతున్నాడు. కోతలని తెలుసు, అయినా అందులో రూపాయికి పావలా నిజముండకపోతుందా అని గ్లాసు పట్టుకుని ముందుకి వంగి వింటున్నాడు. ఆ వంగడం చూసి ఆమె కత్తిరించే ఫోటో వంకరపోయింది. ఎవరిదో మొహం, చెవి దగ్గర తెగింది. ఇన్నేళ్ళూ ఆయన మాటలకి సిగ్గుపడిందే గానీ, తన తప్పుకి ఆయన మాటలు దుప్పటిలా కప్పుతుంటే, ఆ దుప్పటి కింద పడుకోవడం ఇంత సిగ్గని ఆమెకి తెలియదు.

అంత పెద్దది చేస్తే గళ్ళు గళ్ళుగా రాదా అని సెలూనాయన అడిగాడు.

"గళ్ళు ఫోటోలో ఉండవురా, చూసేవాడి కాళ్ళలో ఉంటాయి. దగ్గరికొస్తే గళ్ళు, వెనక్కి పోతే మనిషి." అన్నిటికంటే పెద్ద కోత ఇదేనని టీ మామ నవ్వుతూ తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

అప్పుడు మేస్త్రి గ్లాసు పక్కన పెట్టాడు.

"బాబాయ్, ఒకటడుగుతాను, నవ్వకూడదు. అమ్మ వెనకాల ఇసుక కుప్ప ఉంది చూశారా. దాని మీద చుక్కలా ఒకటుంటుంది. అది నేనే. నాలుగేళ్ళుంటాయేమో. చిన్నప్పటి ఫోటో నాకింకోటి లేదు. మీరా గడియారం చూసినట్టు, నా మొహం కూడా కనిపిస్తుందంటారా?"

ఎవరూ నవ్వలేదు. ఆయన నోరు తెరిచాడు. "కనపడకేం, నీ మొహమేమిటి, నువ్వు గుప్పిట్లో పట్టుకున్న ఇసుక..." అన్నాడు, గొంతు సవరించుకున్నాడు, మళ్ళీ మొదలుపెట్టబోయాడు.

ఆమె లేచి గుమ్మంలోకి వచ్చింది. టీ కొట్టు దగ్గర ఆమె గొంతు అంతవరకు ఎవరూ విని ఉండరు.

"లేదు నాయనా. కనపడదు. ఆ పెద్ద ఫోటో లేదు. రెండూ ఒకటేననుకుని నేనే తీసి పారేశాను. ఫోన్లోకిచ్చినదే మిగిలింది. తాత కథ మీ బాబాయి నా కోసం చెబుతున్నారు."

పొయ్యి మీద టీ పొంగుతున్నా మామ చూసుకోలేదు. మేస్త్రి తన అరచేతుల మీది రంగు మరకలు గోక్కున్నాడు. తిడితే బాగుండునని ఆమె అనుకుంది. అతను తిట్టలేదు.

"గోడకి ఇన్ని ఇటుకలని ఉంటాయి పిన్నీ" అన్నాడు చివరికి. "ఉన్నవాటినే ఎడంగా పేరిస్తే గోడ పెద్దదవదు, సందులొస్తాయి. నాకు తెలుసది. తెలిసి కూడా వింటున్నాను." లేచి చెప్పులేసుకున్నాడు. "మా అమ్మ ఎప్పుడూ ఇరుకులోనే సర్దుకుంది. ఒక్క గోడన్నా మొత్తం ఆవిడకిద్దామనుకున్నాను."

సగం తాగిన టీ బల్ల మీదే ఉండిపోయింది.

కొట్లోకొచ్చాక ఆయన చాలాసేపు వైర్లు సర్దాడు. ఎందుకు చెప్పావు అనడిగాడు, కోపంగా కాదు. చుక్క గురించి అడిగాడండీ అంది ఆమె.

"రేపటికి ఇంకో కథ చెప్పి ఉండేవాణ్ణి."

"ఆ తర్వాత?"

ఆయన లైటార్పి షట్టరు దించాడు.

మర్నాడు టీ మామ పొయ్యి రాజెయ్యకముందే ఆమె వెళ్ళి షట్టరు ఎత్తింది. ఉన్న ఆ సన్న ఫైలునే తెరిచి, మేస్త్రి చట్రం కొలత వేసి, బ్యానరు గుడ్డ మీద ప్రింటుకిచ్చింది. యంత్రం అటూ ఇటూ నడుస్తూ నెమ్మదిగా కక్కింది. దగ్గర్నుంచి చూస్తే మొహమంతా ఇటుకల్లాంటి గళ్ళే. ఇసుక కుప్ప మీద రెండే రెండు గళ్ళు, ఒకటి నలుపు, ఒకటి గోధుమ రంగు. ఆయన వచ్చాడు, చూశాడు, స్టూలెక్కి షట్టరు దించి దాని పైఅంచుకి గుడ్డని తాళ్ళతో కట్టాడు.

ఆమె దాని ముందు నిలబడి, వెనక్కి అంగలు వేసుకుంటూ లెక్కపెట్టింది. ఎనిమిది అంగలకి గళ్ళు ఇటుకల్లానే ఉన్నాయి. మేస్త్రి గది ఎనిమిది అంగలే. పదిహేనుకి రోడ్డు దాటింది. ఇరవై నాలుక్కి నెత్తి మీది బరువు తెలిసింది. ముప్ఫై ఒకటో అంగకి, ఖాళీ స్థలంలో పల్లేరు ముళ్ళ మధ్య, ఆ తల్లి నవ్వింది. వెనక ఆ రెండు గళ్ళు పిల్లాడు కూర్చున్నట్టే ఉన్నాయి. నిజంగా ఉన్నాయో, తను చూడాలనుకుని చూసిందో, ఆమెకే తెలీదు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. ఉన్నాయి. అన్ని కోతల్లో ఆయన చెప్పిన ఒక్క నిజం ఇదే, వెనక్కి పోతే మనిషి.

కాలి దగ్గర దొరికిన ఇటుక ముక్కొకటి ఆ చోట పెట్టి, ఎన్నడూ ఒంటరిగా ఏ గిరాకీ ఇంటికీ వెళ్ళనిది, రెండు వీధులు దాటి మేస్త్రి కొత్త ఇంటి తలుపు కొట్టింది. అతను తలుపు తీశాడు. వెనక గదిలో చట్రం ఖాళీగా కనపడుతోంది.

"అమ్మని ప్రింటు వేశాను, గదిలోకి పనికిరాదు నాయనా" అంది, తల దించుకునే. "నిలబడాల్సిన చోట ఇటుక ముక్క పెట్టొచ్చాను. ఒక్కసారి వచ్చి చూడు."